ఎర్ర దారం లేని పెట్టె

పోయిన వారం మంగను మనం నిచ్చెన మొదటి మెట్టు మీద వదిలేసి వచ్చాం. ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద, కళ్లేమో వాకిట్లో నిలబడ్డ పిల్ల మీద. ఆ పిల్ల ఆగయ్య కూతురు కరుణ. ఆరేళ్ల కింద ఊరికి పోయి అక్కడే కన్నుమూసిన ఆగయ్య కూతురు. నెత్తి మీంచి వాన కారుతుంటే, గుప్పిట్లో చిన్న ఇత్తడి తాళంచెవి పట్టుకుని, "మా నాయిన పెట్టె మీ అటక మీద ఉన్నదట అక్కా, తీస్కపోనీకి వచ్చిన," అన్నది. సరిగ్గా అదే గడియకు కార్పొరేషన్ బండి సందు మొగలో ఆగి, ఖాడీ వాగు నిండుతోంది, కింది ఇళ్లవాళ్లు సామాన్లు పైకెత్తుకోండి అని హిందీలో ఒకసారి, గుజరాతీలో ఒకసారి మైకులో అరిచి వెళ్లిపోయింది.

పైకెత్తుకోవాలట! చెప్పేవాడికేం, చేతిలో మైకుంది. ఎక్కడికి ఎత్తుకోవాలో కూడా చెప్పి పోతే మంగ ఆ బండికి హారతి పట్టి ఉండేది.

ఆ ఇంటి సంగతి తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. ఒకటే గది, మూలన గ్యాసు గట్టు, దాని పక్కన మోరీ, మీద రేకుల కప్పు. నేల కింద అర తవ్వుకుందామంటే సూరత్‌లో ఆ సందుకు ఖాడీ వాగు కూతవేటు దూరం, రెండడుగులు తవ్వితే ఊట. కింద పెడితే వానాకాలం నీళ్లు. రేకుల కింద చెక్క అటక ఉంది, దాని మీద పెడితే ఎండాకాలం పొయ్యి మీద పెట్టినట్టే. నిరుడు మంగ ముచ్చటపడి నాలుగు జాడీల మామిడికాయ తొక్కు అటకెక్కించింది. వైశాఖం ఎండకు నూనె పొంగి మూతలు దాటి కారింది, తొక్కు బొగ్గులా నల్లబడింది. అప్పటినుంచి జాడీలన్నీ కిందనే, గోడవారన, తడిబట్ట చుట్టుకుని కూర్చుంటాయి. ఈ ఏడు ఇరవయ్యారు జాడీలు. డాక్టర్ ఉషాదేవి గారింటి నుంచి కంప్యూటర్ కంపెనీల పిల్లల దాకా తెలుగు నాలుక ఉన్నవాళ్లందరి ఏడాది తిండి అది. మంగ ఏడాది కష్టం కూడా.

మరి అటక మీద ఏముందంటారా? పెట్టెలు. పన్నెండు మంది రేకు పెట్టెలు. సాంచాల మీద, అంటే బట్ట నేసే మరమగ్గాల మీద పనిచేసే మన ఊళ్ల మగవాళ్లు పదిమంది ఒక గదిలో పడుకుంటారు, వాళ్లకు సొంత మూల అంటూ ఉండదు. పెళ్లిళ్లకని, నాట్లకని ఊరికి పోయేటప్పుడు పెట్టె తెచ్చి లింగవ్వకు అప్పగించి పోతారు. లింగవ్వ మంగకు అత్త. ముప్పై ఏళ్లుగా ఆమె ఆ పెట్టెలకు కాపలా. లోపల ఏముందని అడగదు, ఎన్నాళ్లని అడగదు. సూరత్ మునిగిన ఆ పెద్ద వరదప్పుడు తన బియ్యం డబ్బా కళ్ల ముందే కొట్టుకుపోతుంటే ఊరుకుని, పెట్టెలు మాత్రం ఒక్కటి తడవనియ్యలేదని సూరత్ చుట్టుపక్కల సచిన్ నుంచి కిమ్ దాకా మన వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

సరే, నిచ్చెన దగ్గరికి వద్దాం.

"ఇవ్వకేం, నీదే గదా," అన్నది మంగ, గొంతులో సంతోషం దాచుకోలేక. ఆగయ్య పెట్టె దిగిపోతే ఆ జాగాలో జాడీలన్నీ కాకున్నా కొన్నైనా పడతాయి. రెండ్రోజుల మాటే. వాన రోజుల్లో రేకు చల్లగానే ఉంటుంది. దేవుడే పంపినట్టున్నాడు ఈ పిల్లను, అనుకుంది. "లోపలికి రా, తుడుచుకో. ఇగో దించుతున్న. గింత వానల వచ్చినవు, జర ఆగి రావద్దా?"

"ఆగనీకి టైం లేదక్కా. సోమవారం నాకు వెరిఫికేషన్ ఉన్నది, కరీంనగర్‌ల. సర్కారు దవాఖానల స్టాఫ్ నర్సు పోస్టు వచ్చింది. నేను పదో తరగతి దాక ఈడనే చదివిన గదా, తెలుగు బడిల. ఇన్ని రోజులు జిరాక్సులతోనే నడిచింది, ఇప్పుడు ఆ మెమో, టీసీ, అన్నీ ఒరిజినల్స్ అడుగుతున్నరు. ఊర్ల మా ఇల్లు కురుస్తదని నాయిన అవన్నీ ఈ పెట్టెలనే పెట్టిండు. మళ్ల కొత్తవి తియ్యాలంటే మూణ్ణెల్లు. వాళ్లు మూడు రోజులు గూడ ఆగరు."

ఆ రోజు గురువారం. రాత్రి బండికి కరుణ టికెట్టు కూడా తీసుకుని వచ్చింది.

గది అవతలి మూలన ఇనప మంచం మీద లింగవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే. పక్కింటి ఓంప్రకాష్ తన మేడ మీదికి రమ్మని రెండుసార్లు కేకేశాడు. "నా మోకాళ్లు మెట్లెక్కయి బిడ్డా," అని పంపేసింది. దుప్పటి అంచు నేలను తాకుతున్న ఆ మంచం, దాని కింద మూటలు, గంపలు, అదంతా లింగవ్వ రాజ్యం. అక్కడ చీపురు కూడా ఆమె చేతిదే, కోడలి చీపురుకు ప్రవేశం లేదు. ఆగయ్య పేరు వినగానే ఆమె ఒకసారి తలెత్తి కరుణ వైపు చూసింది. శుక్లాలు పడ్డ కళ్లు, ఎంత కనిపించిందో ఏమో. "ఆగయ్య బిడ్డవా? మంచిగున్నవా?" అని మాత్రం అన్నది.

మంగ చకచకా నిచ్చెనెక్కింది. పెట్టెలన్నీ తెల్లగా వరసలో ఉన్నాయి. ఒక్కో పెట్టె మూత మీద నల్ల మార్కరుతో అంకె. గోడకు తగిలించిన పాత క్యాలెండరు వెనక మంగ రాసుకున్న పట్టీలో ఏ అంకె ఎవరిదో ఉంది. ఏడు, ఆగయ్య. ఏడో అంకె పెట్టెను గుంజి, కింద నుంచి కరుణ పట్టుకుంటే, ఇద్దరూ కలిసి స్టూలు మీదికి దించారు. మంగ ఊపిరి కూడా తీసుకోకుండా ఒక జాడీ ఎత్తుకుని మళ్లీ నిచ్చెన ఎక్కబోయింది.

"నువ్వు పెట్టె తీస్కొని పో బిడ్డా, ఓంప్రకాష్ అన్న మేడ మీద కూసొని తీరంగ చూస్కో. నాకు జర ఈ జాడీలు అందియ్యి."

"ఒక్కసారి తెరిచి చూస్తనక్కా. కాయిదాలు ఉన్నయో లేవో. లేకపోతే ఈ బరువు మోసి ఫాయిదా ఏంది?"

అదీ నిజమే. మంగ జాడీని చంకలో పెట్టుకునే నిలబడింది. కరుణ తాళంచెవిని తాళంలో పెట్టింది. సగం దూరింది, ఆగింది. తీసి, కొనను పైటకొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. తలకు రాసుకునే కొబ్బరినూనె చుక్క వేశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. తాళం మాత్రం నువ్వెవరన్నట్టు అలాగే ఉంది.

"తుప్పు పట్టింది. రాయితోని ఒక్కటిస్తే విడిపోతది," అన్నది మంగ.

కరుణ రాయి తీసుకోలేదు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, పిడి పట్టుకుని చూసింది.

"అక్కా, దీనికి ఎర్ర దారం ఉండాలె గదా?"

"ఏం దారం?"

"నాయిన సాంచ మీది దారం. ఎర్రది, మూడు ముళ్లు. చిన్నప్పుడు నేను నాయినతోని వచ్చిన, అవ్వనే కట్టింది. ఎందుకవ్వా అంటే, నాకు చదువు రాదు గదనే, ఇదే నా చదువు అన్నది. నాకు మంచిగ యాదికున్నది."

మంగ చంకలో జాడీ బరువు ఒక్కసారిగా పెరిగింది.

దారాలు. అవును, పిడులకు దారాలు ఉండేవి. పచ్చవి, నీలివి, ఎర్రవి, దుమ్ముపట్టి, జిడ్డుపట్టి, ఏ రంగో కూడా తెలియకుండా. మొన్న చైత్రంలో ఉషాదేవి డాక్టరమ్మ, కప్పు రేకుల మీద తెల్ల రంగు వేస్తే ఎండ తిరిగి పోతుంది, ఇల్లు చల్లబడుతుంది అని చెప్పింది. మంగ డబ్బా రంగు తెచ్చి తానే కప్పెక్కి పూసింది. నిజంగానే కాస్త చల్లబడింది కూడా. అంతటితో ఆగితే ఆమె మంగ ఎందుకవుతుంది? డబ్బాలో రంగు మిగిలింది. పారబోయడం ఎందుకు, పెట్టెలకూ పూస్తే లోపలి సామాను చల్లగా ఉంటుంది కదా అనుకుంది. ఇంట్లో, నీడలో, అటక మీద ఉన్న పెట్టెలకు ఎండ ఎక్కడి నుంచి వస్తుందని ఒక్క క్షణం ఆలోచించలేదు. పన్నెండూ దించి పూసింది. పిడులకు అడ్డం వస్తున్నాయని ఆ దారాలన్నీ బ్లేడుతో కోసి మోరీలో పడేసింది. ఆ మూడు రోజులూ లింగవ్వ కళ్ల పరీక్షకని జోల్వాలో ఉన్న తమ్ముడి ఇంటికి పోయి ఉంది. వచ్చేసరికి పెట్టెలన్నీ ఎక్కడివక్కడ, తెల్లగా, అంకెలతో. అంకెలు వేసినందుకు మంగ తనను తాను ఎంత మెచ్చుకుందో! చదువురాని అత్త కాలం పోయి చదువుకున్న కోడలి కాలం వచ్చిందని మొగుడు సంపత్‌తో కూడా అన్నది.

దించినవి దించినట్టు, ఎక్కించేటప్పుడు జ్ఞాపకం మీదనే పేర్లు వేసుకుంది. అన్నీ ఒకే బజారులో కొన్న పెట్టెలు, ఒకటే కొలత. గుర్తు తప్పితే? ఆ మాట ఇప్పటిదాకా ఆమెకు తట్టలేదు.

"ఇటు పట్కరాండ్రి," అన్నది లింగవ్వ మంచం మీంచి.

ఇద్దరూ పెట్టెను స్టూలుతో సహా మోసుకొచ్చి మంచం పక్కన పెట్టారు. లింగవ్వ చెయ్యి చాచి పిడిని తడిమింది. వేళ్లు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోయాయి.

"దారమేది?" అన్నది.

ఆ అడగడంలో కోపం ఉంది. కానీ ఆశ్చర్యం లేదు. అది మంగ చెవిని తాకింది, మనసును చేరలేదు. ఆమెకు అప్పుడు సిగ్గు తప్ప ఇంకేమీ పట్టలేదు.

"నేనే కోసిన అత్తా," అన్నది. "రంగేసేటప్పుడు. అవి ఊకె కట్టిన దారాలనుకున్న."

"ఊకె కట్టిన దారాలా!" లింగవ్వ గొంతు లేచింది. "ఎవడి సాంచ మీది నూలు వాడు తెచ్చి ఇచ్చేటోడే పిల్లా! లస్మయ్యది నీలం, ఒక్క ముడి. సదానందంది పచ్చ, రెండు. బిక్షపతిది తెల్లది, జడ అల్లి కట్టిన. ఆగయ్యది ఎర్రది, మూడు. పన్నెండు మంది నా వేళ్ల మీద ఉండిరి. కండ్లు పోయినా నా వేళ్లు పోలేదు. నన్నొక్క మాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలునా?"

"అడగలే. తప్పయింది."

"నంబర్లేసినవు. నంబర్లు! మరి చెప్పమను నీ నంబర్లను, ఇది ఎవరిదో!"

మంగకు ఏడుపు వస్తోంది, ఏడవడానికి ఇది సమయం కాదని కోపమూ వస్తోంది. కరుణ మధ్యలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. తాళంచెవి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"మీ ఇద్దరి లొల్లి తర్వాత పెట్టుకోండ్రి," అన్నది చివరికి. "నా కాయిదాలేవి? మా నాయిన ఆఖరికి ఫోన్ల ఏమన్నడో ఎరుకేనా? పెట్టె లింగవ్వ దగ్గర ఉన్నది, బ్యాంకుల ఉన్నట్టే, రంది పడకు అన్నడు. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను నర్సింగు చదివిచ్చింది. రెండేండ్లు ప్రైవేటు దవాఖానల రాత్రి డ్యూటీలు చేసిన. ఇప్పుడు నౌకరి వచ్చి చేతుల పడ్డది, ఒక్క కాయిదం లేదని పోగొట్టుకోవాల్నా? గిట్ల అనుకుంటే ముందే వచ్చి తీస్కపోతుంటి గదా!"

ఆ మాటలు మంగ గుండెలో గుచ్చుకున్నాయి. బ్యాంకులో ఉన్నట్టే అన్నాడట చచ్చిపోయిన మనిషి. ఆ నమ్మకం మీద తాను మిగిలిపోయిన రంగు పూసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడే మోరీలో గుడగుడమని చప్పుడైంది. నీళ్లు పోవాల్సిన తూములోంచి నీళ్లు వస్తున్నాయి. నల్లగా, నెమ్మదిగా, నురగ కక్కుతూ గచ్చు మీదికి పారాయి. ముందు వరస జాడీల చుట్టూ తిరిగి తడిబట్టలను నానబెట్టాయి.

"జాడీలు!" అంటూ మంగ ఒక్క దూకు దూకింది. అటక మీద ఏడో పెట్టె ఖాళీ చేసిన జాగా అలాగే ఉంది. రెండు జాడీలు ఎత్తి నిచ్చెనెక్కించింది. మూడోది ఎత్తబోతుంటే లింగవ్వ అన్నది:

"పెట్టె పైకెక్కియ్యి."

"ఏ పెట్టె?"

"ఇదే. ఎవరిదైతేంది? ఎవరో ఒకరు మనల నమ్మి పెట్టిన్రు. నీళ్లల్ల పెడతవా?"

"స్టూలు మీదున్నది గదా అత్తా! జాడీలు నేల మీదున్నయి!"

"స్టూలెంత, నీళ్లెంత? సాయంత్రానికి నడుముల మట్టం వస్తది. నేను చూసిన. ఎక్కియ్యి."

ఒక్క నిమిషం, ఆ ఒక్క నిమిషం మంగ మనసు చెడ్డదే అయింది. దాచడం ఎందుకు? ఎవరిదో తెలియని పెట్టె. తడిస్తే తడుస్తుంది, అడిగేవాడు అడిగినప్పుడు చూసుకోవచ్చు. ఈ జాడీల్లో తన రెక్కలున్నాయి. పన్నెండు బస్తాల కాయ కొట్టించి, ముక్క తుడిచి, కారం కలిపి, చేతులు మండితే పెరుగులో ముంచి మళ్లీ కలిపింది. ఆ మంట ఎవరికి కనిపిస్తుంది? పరాయివాళ్ల పెట్టెలకున్న విలువ తన కష్టానికి లేదా ఈ ఇంట్లో?

ఆమె కళ్లు కరుణ మీదికి పోయాయి. ఆ పిల్ల గుప్పిట విప్పి తాళంచెవి వైపు చూసుకుంటోంది. మంగ అటకెక్కించిన జాడీలు రెండూ దించేసింది. దించేటప్పుడు కళ్ల నీళ్లు కారాయి, తుడుచుకోలేదు.

"పట్టు బిడ్డా," అన్నది కరుణతో. ఇద్దరూ కలిసి ఏడో పెట్టెను మళ్లీ అటకెక్కించారు.

దిగుతూనే మంగ గ్యాసు గట్టు మీద ఎనిమిది జాడీలు సర్దింది. స్టూలు మీద రెండు. ఇంకా పదహారు మిగిలాయి. నీళ్లు పాదం మునిగేదాకా వచ్చాయి. ఓంప్రకాష్ మేడ నిండా సందు జనమే, జాడీలకు చోటు లేదు. గదిలో మిగిలిన ఎత్తు ఒక్కటే, లింగవ్వ మంచం.

"అత్తా, జర లేస్తవా? మంచం మీద పెడత. నిన్ను మెల్లగ ఓంప్రకాష్ అన్న మేడ మీదికి కరుణ, నేను పట్టుకొని తీస్కపోతం."

"నేను లేవ."

"ఏందత్తా?"

"మోకాళ్లు లేవట్లే. ఈడనే ఉంట."

"నీళ్లు వస్తున్నయే! నువ్వు ఒక దిక్కు జరిగి కూసున్నా సగం పడతయి. జరుగు!"

"ఈ మంచం ముట్టకు మంగా."

ఆ మాట కొట్టినట్టే అన్నది. మంగ చేతిలో జాడీతో నిలబడిపోయింది. పదిహేనేళ్ల కాపురంలో అత్త తిట్టడం కొత్త కాదు. కానీ ఇది తిట్టు కాదు, ఇందులో ఏదో బెదురు ఉంది. లింగవ్వ రెండు చేతులూ మంచం పట్టెను గట్టిగా పట్టుకుని, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంది. దుప్పటి అంచు నీళ్లలో తడుస్తోంది, అయినా కాళ్లు పైకి తీసుకోలేదు.

"నీ కోపం నా జాడీల మీద తీస్తున్నవు," అన్నది మంగ. "తీసుకో. తప్పు నాదే, నేను పడత."

లింగవ్వ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"అక్కా," అన్నది కరుణ, "ఈ పట్టీ చూడు." ఆ పిల్ల క్యాలెండరు తిప్పి నిలబడి ఉంది. ఏడుపు ఆపుకున్న ముఖంతో, వార్డులో పేషెంటు చార్టు చూసినట్టు ఒక్కో వరసా వేలితో చూస్తోంది. "పన్నెండు మంది పేర్లున్నయి. పైన పెట్టెలు పదకొండే. ఎనిమిదో నంబరు లేదు. ఎనిమిది, బిక్షపతి."

మంగ జాడీని నీళ్లలోనే దించేసింది.

బిక్షపతి! ఏప్రిల్‌లో చెల్లెలి పెళ్లికని ఊరికి పోతూ పెట్టె అడిగాడు. ఎనిమిదో అంకె చూసి తానే దించి ఇచ్చింది. ఏడు, ఎనిమిది పక్కపక్కన ఉండేవి. అంటే ఇప్పుడు పైకెక్కించింది బిక్షపతి పెట్టె. అతను మోసుకుపోయింది ఆగయ్య పెట్టె. దారం ఉండి ఉంటే జడ అల్లిన తెల్ల దారానికి, మూడు ముళ్ల ఎర్ర దారానికి మధ్య ఈ పొరపాటు ఎలా జరిగేది?

"దొరికింది కరుణా! దొరికింది నీ పెట్టె! బిక్షపతి సచిన్‌ల ఉన్నడు, సాంచల. ఊరి నుంచి వచ్చిండు, నెల రోజులైతుంది. ఇప్పుడే ఫోన్ చేస్త!"

"ఫోన్ ఎందుకిప్పుడు?" అన్నది లింగవ్వ. "ఆడు డ్యూటీల ఉంటడు. వాన తగ్గినంక చెయ్యి."

"వాన తగ్గేదాక ఈ పిల్ల బండి ఆగుతదా అత్తా?"

మంగ పైటకొంగుతో తడి చెయ్యి తుడుచుకుని నంబరు నొక్కింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు. వెనక సాంచల మోత, ఏమీ వినిపించడం లేదు. బయటికి రా, బయటికి రా అని మంగ అరిచింది. మోత కాస్త తగ్గింది. కరుణ వినాలని మంగ స్పీకరు నొక్కింది.

"ఏంది వదినా? మీ దిక్కు నీళ్లచ్చినయా? సంపతన్న కూడ ఈడనే ఇరుక్కున్నడు, తోవ బంద్ అయింది, రంది పడకు."

"అది కాదు బిక్షపతీ. ఏప్రిల్‌ల నేను నీకు ఇచ్చిన పెట్టె నీది కాదు. నాదే పొరపాటు. అది ఆగయ్య బావది. ఆయన బిడ్డ వచ్చింది, కాయిదాలు కావాలె. అది యాడున్నది? నీ గదిలనా? కింద పెట్టినవా? నీళ్లు తాకినయా?"

అవతల వాన చప్పుడు మధ్య బిక్షపతి గొంతు వచ్చింది.

"అదేంది వదినా? అది నాది కాదని ఊర్లెనే ఎరుకైంది గదా. తాళం రాకపోతే పగలగొట్టిన. చూస్తే నిండ కాయిదాలు, బడి పుస్తకాలు, ఒక పిల్ల ఫొటోలు, పాత పంచె. నా సామాను కాదని అట్లనే మూసి, తిరిగచ్చిన రోజే తెచ్చి ఇచ్చిన."

"ఎవరికిచ్చినవు?"

"మీ ఇంట్లనే. పెద్దవ్వ చేతికే ఇచ్చిన. నువ్వు డాక్టరమ్మ ఇంటికి తొక్కులు ఇయ్యనీకి పోయినవన్నది. కోడలికి చెప్పకు బిడ్డా, రంగేసి ఆగం చేసినని బాధపడతది అన్నది. నా పెట్టె అటక మీదనే ఉండనియ్యి అవ్వా, నా గది నీళ్లల్ల ఉంటది అని చెప్పి వచ్చిన. ఏం, అవ్వ చెప్పలేదా?"

మంగ ఫోను చెవి దగ్గరి నుంచి తీయడం మరిచిపోయింది, స్పీకరు మోగుతున్నా. హలో, హలో వదినా, అని బిక్షపతి గొంతు రెండుసార్లు వచ్చి ఆగిపోయింది.

కరుణ లింగవ్వ వైపు తిరిగింది. మంగ కూడా తిరిగింది. దారమేది అని అడిగిన గొంతులో ఆశ్చర్యం ఎందుకు లేదో మంగకు ఇప్పుడు తెలిసింది. మోకాళ్ల సాకు తెలిసింది. ఓంప్రకాష్ మేడకు ఎందుకు పోలేదో, మంచం ఎందుకు ముట్టనియ్యలేదో తెలిసింది.

"అత్తా," అన్నది. "ఆగయ్య బావ పెట్టె నీ దగ్గర్నే ఉన్నదా?"

లింగవ్వ కళ్లు ఎవరి మీదా లేవు. వేలాడేసిన కాళ్లను దగ్గరికి లాక్కుంది, వాటితో దుప్పటి అంచును లోపలికి నొక్కి పట్టింది.

"అవ్వా, ఇయ్యి అవ్వా," అన్నది కరుణ. ఆ పిల్ల గొంతులో కోపం కూడా పోయింది. "తాళం పగిలితే పాయె. తడిసినా పాయె, నేను ఆరవెట్టుకుంట. నాకు కాయిదాలు కావాలె. నీ కాల్మొక్త."

నీళ్లు ఇప్పుడు నాలుగు వేళ్ల లోతు. గోడ నుంచి గోడకు సమంగా పరుచుకుని మంచం కిందికి పారాయి. దుప్పటి అంచు మెల్లగా పైకి తేలింది.

ఠంగ్‌మని చప్పుడైంది.

మంచం కోడుకు రేకు తగిలిన చప్పుడు. ఒక్క క్షణం ఆగి మళ్లీ ఠంగ్‌మంది. దుప్పటి కింద ఏదో తెల్లగా ముందుకు జరిగి, కోడుకు కొట్టుకుని, వెనక్కి పోయి, తిరిగి వచ్చింది. మూత మీద నల్ల మార్కరుతో తన చేత్తో తాను వేసిన ఎనిమిదో అంకెను మంగ గుర్తుపట్టింది.

"ఉన్నది! ఉన్నది!" అంటూ కరుణ సంతోషం పట్టలేక మోకాళ్ల మీద నీళ్లలోకి కూలబడి, రెండు చేతులూ చాచింది.

మంగ మాత్రం కదల్లేదు. పదిహేనేళ్లుగా ఆమె ఆ పెట్టెలు దించుతోంది, ఎక్కిస్తోంది. ఆ ఏప్రిల్‌లో ఇదే పెట్టెను నిచ్చెన మీంచి దించడానికి బిక్షపతి, తాను ఇద్దరూ పట్టాల్సి వచ్చింది, నడుము పట్టేసి రెండ్రోజులు నూనె రాసుకుంది. అంత బరువున్న పెట్టె నాలుగు వేళ్ల నీళ్లకు లేవదు.

లోపల ఏమీ లేని పెట్టె మాత్రమే అంత తేలిగ్గా తేలుతుంది.